ఉన్న ఒక్క ట్యూబు

నేను బస్సు కండక్టరును. మహబూబాబాద్ డిపోలో చేరి చాలా ఏళ్లయింది. నా గొంతు పెద్దది, ఓపిక చిన్నది. "నువ్వు ఒక్క కేక పెడితే వెనకొచ్చే లారీవాడు కూడ బ్రేకేస్తడు చెల్లె" అని మా డ్రైవరన్న ఎగతాళి చేస్తుంటాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన దగ్గర్నుంచి నా బస్సులో కాలు పెట్టడానికి జాగా ఉండడం లేదు. అందరి మధ్యలోంచి తోసుకుంటూ, జీరో టికెట్లు కొడుతూ వెళ్తున్న ఒక ఉదయం, నెల తప్పి వారం దాటిందని ఉన్నట్టుండి గుర్తొచ్చింది. ఇంకెవరైనా అయితే సంబరపడేవారు. నాకు మాత్రం భయమేసింది. పక్కనున్న కడ్డీ పట్టుకుని, ఒక ముసలమ్మకు ఒకే టికెట్ రెండుసార్లు కొట్టి ఇచ్చాను.

ఆ భయానికి కారణం ఉంది. అంతకు రెండేళ్ల ముందు మొదటిసారి నెల తప్పినప్పుడు, గర్భం గర్భసంచిలో కూర్చోకుండా, సంచిలోకి అండం వచ్చే కుడివైపు ట్యూబులో కూర్చుంది. నాకు ఆ సంగతే తెలియదు. అప్పుడు రఘునాథపల్లిలో మా అవ్వ దగ్గర ఉన్నాను. మా వైపు అమ్మను అవ్వ అంటాం. పొత్తికడుపులో నొప్పి అంటే, బొడ్డు జారిందని అవ్వ ఆముదం రాసి, అరచేతులతో తోముతూ కడుపు పట్టింది. మా ఊళ్లో ఎవరికి బొడ్డు జారినా ఆమె దగ్గరికే వస్తారు. ఆ సాయంత్రమే వాకిట్లో పడిపోయాను. జనగామ దవాఖానకు తీసుకొచ్చేసరికి కడుపంతా రక్తం. పగిలిన ట్యూబు కోసి తీసేసి నన్ను బతికించారు. అవ్వ కడుపు పట్టిందని అక్కడ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. అడిగే తీరిక గానీ, చెప్పాలన్న ఆలోచన గానీ ఎవరికీ లేవు.

"మళ్లీ నెల తప్పితే ఒక్కరోజు కూడా ఆగకు. నా దగ్గరికి రా" అని ఆ ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ అప్పుడే చెప్పి పంపింది. అందుకే సెలవు పెట్టి, మర్నాడే జనగామకు బయల్దేరాను. మా ఆయన భూపాలపల్లి బొగ్గు గనిలో డంపరు నడుపుతాడు, రేగొండలో వాళ్ల అమ్మానాన్నల దగ్గర ఉంటాడు. మా ఇద్దరి సెలవులు ఒకేసారి కుదిరితే మాకు అదే పండగ. ఆ రోజు కుదరకపోయినా ఎవరికో డ్యూటీ అప్పజెప్పి వచ్చాడు. రఘునాథపల్లిలో అవ్వ కూడా బస్సెక్కింది.

స్కానింగ్ గదిలో డాక్టరమ్మ ముఖాన్నే చూస్తూ పడుకున్నాను. టికెట్ లేనివాడి ముఖం దూరం నుంచే కనిపెట్టే అలవాటు నాది. ఆమె నోరు విప్పకముందే నాకు తెలిసిపోయింది.

"సంచి ఖాళీగా ఉందమ్మా. ఎడమ ట్యూబులో ఉంది" అంది.

నాకున్నది అదొక్కటే. అది కూడా పోతే మామూలుగా నాకిక కాన్పు లేదు.

రక్తపరీక్ష వచ్చాక ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి, ఏదీ దాచకుండా చెప్పింది. గర్భం ఎంత బలంగా ఉందో చెప్పే హార్మోను ఒకటి ఉంటుందట. నా రక్తంలో దాని అంకె ఆమెకు నచ్చనంత ఎక్కువగా ఉంది. అయితే గుండె చప్పుడు మొదలవలేదు, నాకు నొప్పి లేదు, ట్యూబు ఇంకా పగల్లేదు. కాబట్టి రెండు దారులున్నాయి. "ఆపరేషన్ చేస్తే ప్రాణానికి భరోసా. ట్యూబు దక్కుతుందని మాత్రం చెప్పలేను. సూది మందు ఇస్తే గర్భం లోపలే ఎండిపోతుంది, ట్యూబు దక్కొచ్చు. కానీ నీలాంటివాళ్లకు సూది ఇవ్వాలంటే నాకూ భయమే. ఒకసారి పగిలిన మనిషివి. అంకె ఎక్కువుంది. మందు పనిచేసేలోపే పగిలిందనుకో, అప్పుడేమైతదో నీకు నేను చెప్పక్కర్లేదు."

"ఆపరేషనే చెయ్యండి మేడం" అన్నాడు మా ఆయన వెంటనే. నా వైపు తిరిగి, "పిల్లలు లేకపోతే లేకపాయె. నువ్వుండాలె" అన్నాడు.

ప్రేమతోనే అన్నాడు. అయినా నాకు ఒళ్లు మండింది. రోజూ ఎంతమంది తల్లులు చంకన పిల్లలతో నా బస్సెక్కుతారో అతనికేం తెలుసు. పిల్లను ఒకసారి పట్టుకొమ్మని నా చేతికే ఇచ్చి, సంచిలోంచి ఆధార్ కార్డు తీస్తారు. అది తీసేదాకా ఆ పిల్ల నా మెడ వాసన చూస్తుంటుంది. నాకు బిడ్డ కావాలి. అతనికి కూడా కావాలి, నాకోసం వద్దంటున్నాడు.

"సూది వెయ్యండమ్మా" అన్నాను.

లివరు, కిడ్నీలు మందుకు తట్టుకుంటాయో లేదో పరీక్షలు చేసి, నా గ్రూపు రక్తం సిద్ధంగా ఉంచి, తుంటికి సూది ఇచ్చారు. ఇదే మందు పెద్ద మోతాదులో క్యాన్సరుకు కూడా వాడతారని నర్సు మాటల్లో అనేసింది. అది విని అవ్వ గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. "నా బిడ్డకు క్యాన్సర్ ఉన్నదా?" అని ఆ రోజంతా అందరినీ అడిగింది. లేదని ఎంత చెప్పినా, అందరూ కలిసి తన దగ్గర దాస్తున్నారనే అనుకుంది.

డాక్టరమ్మ నాకూ అవ్వకూ కలిపి జాగ్రత్తలు చెప్పింది. బిడ్డ కావాలని నేను అప్పటికి చాలా నెలలుగా మింగుతున్న ఫోలిక్ యాసిడ్ గోలీలు వెంటనే మానెయ్యాలి, అవి ఈ మందు పని చెడగొడతాయి. నొప్పి గోలీలు సొంతంగా వేసుకోకూడదు. ఎండకు తిరగకూడదు, బరువులెత్తకూడదు. కడుపు నొక్కకూడదు. భుజం పీకినా, కళ్లు తిరిగినా ఉన్నపళంగా రావాలి. రఘునాథపల్లి పోతామంటే ఒప్పుకోలేదు. "పగిలితే నాకు నిమిషాలే ఉంటాయి. నడిచొచ్చేంత దూరంలో ఉండండి" అంది. ఆమె చెప్పిన ప్రతిదానికీ అవ్వ "సరే అమ్మా, సరే అమ్మా" అని తలూపింది. నేను చూశాను. మనసు పెట్టే విన్నది.

దవాఖాన వెనక సందులో ఒక గది దొరికింది. మా ఆయన డ్యూటీకి పోక తప్పలేదు. అవ్వా నేనూ మిగిలాం.

ఆ గదిలో నాకున్న పనల్లా కడుపు వైపు చెవి పెట్టుకుని పడుకోవడం. గ్యాసు కదిలినా గుండె ఝల్లుమనేది. అటు తిరిగితే పగులుతుందేమో, దగ్గితే పగులుతుందేమో అని భయం. బస్సులో కాలు తొక్కినవాణ్ని నలుగురు వినేలా తిట్టే నేను, లెట్రిన్‌కు లేవాలన్నా అవ్వ చెయ్యి కోసం చూసేదాన్ని. అన్నిటికన్నా హింస పెట్టిన మాట ఇంకొకటుంది. మందు పనిచేస్తున్నప్పుడు కూడా నొప్పి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నొప్పి వస్తే మంచి కావచ్చు, చెడు కావచ్చు. ఏది ఏదో నాకెలా తెలియాలి? మా ఆయన ఫోను చేసినప్పుడల్లా "నొస్తాందా?" అని అడిగేవాడు. "నువ్వడిగినప్పుడల్లా నొస్తాంది" అని కసిరి పెట్టేసేదాన్ని. పెట్టేశాక, మళ్లీ చేస్తే బాగుండని ఫోను వైపే చూసేదాన్ని.

నాలుగో రోజు రక్తపరీక్షలో అంకె పెరిగింది. తగ్గడానికి మందిస్తే పెరిగిందంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. మొదట్లో చాలామందికి అలాగే పెరుగుతుందని, వారానికి చేసే పరీక్షలో తగ్గిందా లేదా అన్నదే లెక్క అని డాక్టరమ్మ చెప్పింది. నేను తలూపాను కానీ ఆ మాట నా లోపలికి దిగలేదు. లోపల అది పెరుగుతోంది, ట్యూబు పెరగడం లేదు అన్న ఒక్క ఆలోచనే మిగిలింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని ఒత్తిగిలి పడుకున్నాను. ఎడమవైపు కింద ఎవరో బట్ట పిండుతున్నట్టు మొదలైంది. మొదట పళ్లు బిగబట్టాను. తర్వాత మోకాళ్లు కడుపులోకి ముడుచుకున్నాను. అవ్వ గిన్నెలు కడుగుతున్నదల్లా పరుగున వచ్చింది.

"ఏమైతాంది బిడ్డా?"

"నొస్తాందవ్వా."

వెల్లకిలా తిప్పి, మూడు వేళ్లు బొడ్డులో పెట్టి కళ్లు మూసుకుంది. బొడ్డు కింద నాడి కొట్టుకోవాలి, అది పక్కకు కొట్టుకుంటే బొడ్డు జారినట్టు. ఊళ్లో ఎంతోమందికి ఆమె అలా చూడడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. "బొడ్డు జరిగింది. బస్సుల కుదుపులకు జరగక ఏమైతది. జర ఓపిక పట్టు" అంది. సంచిలోంచి ఆముదం సీసా తీసి, కొంచెం వెచ్చబెట్టింది. గోరువెచ్చని ఆముదం పొట్ట మీద పడింది. రెండు అరచేతులతో పక్కల నుంచి బొడ్డు వైపుకు లాగడం మొదలుపెట్టింది.

నేను ఆపలేదు. ఆపాలని కూడా తోచలేదు. నేను పుట్టినప్పటి నుంచి నొప్పి అంటే ఆ చేతులే. కాసేపు నొప్పి తగ్గినట్టే అనిపించింది, కళ్లు కూడా మూతలు పడ్డాయి. ఏదో చప్పుడైతే తెరిచి చూశాను. అవ్వ ఒక చేత్తో వెలిగించిన ఒత్తి పట్టుకుంది, ఇంకో చేతిలో చిన్న ఇత్తడి చెంబు ఉంది. వెలిగే ఒత్తిని బొడ్డు మీద పెట్టి దానిమీద చెంబు బోర్లిస్తే అది కడుపుకు అతుక్కుని లోపల ఉన్నదాన్ని పైకి లాగుతుంది. లోపల ఉన్నది ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది నాకు.

బస్సులో అరిచే గొంతుతోనే అరిచాను. అవ్వ చేతిలోంచి చెంబు జారి కింద పడింది.

"నొక్కొద్దన్నది కదనే డాక్టరమ్మ. నువ్వు సరే అన్నవు కద."

అవ్వ ముఖంలో తప్పు చేసిన జాడే లేదు. నేనే ఏదో అర్థం కాక అరుస్తున్నానన్నట్టు నెమ్మదిగా చెప్పింది. "నేను కడుపు నొక్కలే బిడ్డా. ఆమె వద్దన్నంక ఎట్ల నొక్కుత? బొడ్డు పట్టిన. గది వేరే, గిది వేరే."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమె లెక్కలో అవి నిజంగానే వేరు. గర్భం డాక్టరమ్మది, బొడ్డు తనది. ఎవరి పని వాళ్లు చేస్తున్నారంతే.

నొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. లేచి కూర్చుంటే గది తిరిగింది. దవాఖాన ఆ సందు చివరే. అంత దగ్గర ఎందుకు ఉండమన్నదో ఆ రోజు తెలిసింది. అవ్వ భుజం మీద చెయ్యి వేసి, గోడలు పట్టుకుంటూ నడిచాను. నా భుజం పీకుతోందా లేదా అని అడుగడుక్కీ చూసుకున్నాను. ఒకసారి పీకుతున్నట్టే ఉంది. అవ్వను గట్టిగా పట్టుకోవడం వల్లనేమో అని చెయ్యి తీసి గోడకు ఆనుకుని నడిచి చూశాను. చచ్చిపోతానని అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆపరేషన్ చేయించుకొమ్మన్న మనిషి మాట వినలేదని, అతను వచ్చేసరికి నేనుండనని అనుకున్నాను.

స్కానింగ్ బల్ల మీద డాక్టరమ్మ నా కడుపు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. వేళ్లు వాసన చూసుకుంది.

"ఆముదం ఎవరు రాశారు?"

తలుపు దగ్గర నిలబడ్డ అవ్వే ముందుకొచ్చింది. "నేనే పట్టిన అమ్మా. బొడ్డు పట్టిన."

డాక్టరమ్మ తెర వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. నేను ఆమె ముఖం చూడలేదు. ఈసారి నాకు ముందే తెలుసుకోవాలని లేదు.

"కొంచెం రక్తం చేరింది. ట్యూబు పగల్లేదు. ఇప్పటికైతే పగల్లేదు" అంది. తర్వాత నర్సుతో ఆపరేషన్ గది సిద్ధం చేయించమంది. మత్తు డాక్టరుకు ఫోను చేయమంది. నా నాడి పెరుగుతోందేమో, బీపీ తగ్గుతోందేమో చూస్తూ ఉండమంది. అవన్నీ మామూలు గొంతుతోనే చెప్పింది. అందుకే నాకు ఇంకా భయమేసింది.

అంతా పురమాయించాక అవ్వను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. తిట్టలేదు. అవ్వ చిటికెన వేలు పట్టుకుని, "ట్యూబు అంటే దీనికన్నా సన్నగుంటదమ్మా. అందులో ఇది ఉబ్బి ఉంది. బొడ్డుకు చేయి పెట్టినా, పొత్తికడుపుకు పెట్టినా ఆ ఒత్తిడి దానిమీదే పడుతుంది. లోపల అన్నీ ఒకటే" అంది.

అవ్వ చాలాసేపు తన వేలినే చూసుకుంది. తర్వాత అడిగింది. "అయితే అప్పుడు? మొదటిసారి కూడ నేనే పట్టిన అమ్మా. పొద్దుగాల పట్టిన, పొద్దుమూకి పగిలింది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. "అది ఎట్లయినా పగిలేదే అమ్మా" అంది. నిజమో, ముసలామె ప్రాణం నిలబెట్టడానికి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. అవ్వ నమ్మలేదని మాత్రం తెలుసు.

మా ఆయన భూపాలపల్లి నుంచి డ్యూటీ బట్టలతోనే వచ్చాడు, చెవుల వెనక బొగ్గు మసి అలాగే ఉంది. అతను చెప్పులు విడవకముందే అవ్వ ఎదురెళ్లి, "నేనే చేసిన బాపు. ఏమన్న అనాలనుంటే నన్నను" అంది. అతను బయటికెళ్లి ఆమెకు చాయ్ తెచ్చిచ్చాడు. ఆమె తాగలేదు. నా కాలి బొటనవేలు పట్టుకుని అతను మంచం చివర కూర్చున్నాడు.

తెల్లారేసరికి నొప్పి దిగింది. రక్తం పెరగలేదు. వారం పరీక్షలో అంకె తగ్గింది, కానీ తగ్గాల్సినంత తగ్గలేదు. రెండో సూది వేశారు. మళ్లీ అదే గది, అదే పడక, అదే చెవి పెట్టుకుని వినడం. ఆ మందుకు నోరంతా పూసి, కారం తగిలితే కళ్లలో నీళ్లొచ్చేవి. అయినా ఆ తర్వాత వారం వారం అంకె దిగుతూ వచ్చింది. ఆ అంకె పెరగాలని మొక్కుకునే ఆడవాళ్లు అదే వరండాలో నా పక్కనే కూర్చునేవారు. నాది తగ్గాలని నేను మొక్కుకునేదాన్ని. తగ్గినప్పుడల్లా చేతులు జోడించేదాన్ని.

అవ్వ మాత్రం ఆ రోజు నుంచి నన్ను తాకలేదు. వండి పెట్టింది, బట్టలు ఉతికింది, మందులు వేళకు గుర్తు చేసింది. కంచం ఇచ్చేటప్పుడు కూడా నా వేళ్లు తగలకుండా కింద పెట్టేది. లేవడానికి చెయ్యి చాస్తే పక్కగది ఆమెను పిలిచేది. ఊరి నుంచి ఎవరో బొడ్డు పట్టాలని ఫోను చేస్తే, "నేను మానేసిన. దవాఖానకు పోండ్రి" అని పెట్టేసింది. నాకు కోపం వచ్చేది. నేనేమన్నా అంటరానిదాన్నా అని ఒకరోజు అరిచాను కూడా. ఆమె గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయింది.

చివరి పరీక్షలో ఇక ఏమీ లేదని తేలింది. ట్యూబు నిలిచింది. కొన్ని నెలలు ఆగాలని, మళ్లీ నెల తప్పితే మళ్లీ ఇలాగే పరుగెత్తుకు రావాలని, అప్పుడు కూడా ఇదే జరగదని తాను మాటివ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. సరే అన్నాను. బస్సెక్కి అవ్వతో రఘునాథపల్లి వచ్చేశాను.

ఇంట్లో మంచం మీద వాలాను. కడుపులో నొప్పి లేదు. వినడానికి ఏమీ లేదు. ఎన్ని వారాల తర్వాతో లోపలంతా నిశ్శబ్దంగా ఉంది. అవ్వ గడప దగ్గర కూర్చుని నన్నే చూస్తోంది. కాసేపటికి లేచి వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"ఏడున్నదే అది?" అని అడిగింది.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి లాక్కోబోయింది, వదల్లేదు. ఎడమవైపు, తుంటి ఎముకకు కొంచెం లోపలగా ఆమె అరచేతిని పెట్టాను. ఆమె నొక్కలేదు. బరువు కూడా పడనివ్వలేదు.

"పిల్ల పోయింది బిడ్డా" అంది.

అన్ని వారాల్లో దాన్ని పిల్ల అన్నవాళ్లు ఎవరూ లేరు. డాక్టరమ్మ అనలేదు, మా ఆయన అనలేదు, నేను అసలే అనలేదు. అది ఒక అంకె, తగ్గాల్సిన అంకె. ఎప్పుడు పగులుతుందోనన్న భయంలో నాకు ఏడుపే రాలేదు. ఇక పగిలేది ఏమీ లేదు. అవ్వ చెయ్యి అక్కడే ఉంచుకుని, అప్పుడు ఏడ్చాను.